మంట పెంచినా పెరగని వేడి

కళపెళ మరుగుతున్న ఎసరులో ప్రయోగశాల థర్మామీటర్ ఉంచి, మంట రెట్టింపు చేసి చూడండి. పాదరసం 100 డిగ్రీల దగ్గరే నిలిచిపోతుంది. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున్న హైదరాబాద్‌లోనైతే 98 దగ్గరే. బుడగలు ఎగసిపడతాయి, నీరు త్వరగా తరిగిపోతుంది. పప్పు మాత్రం అంతకంటే ముందు ఉడకదు. మరి ఆ గ్యాసంతా ఎటు పోయినట్టు?

ద్రవంలోని నీటి అణువులు ఒకదాన్నొకటి ఆకర్షించుకుంటూ దగ్గరగా ఉంటాయి. మరుగు స్థానం చేరాక అందే వేడంతా ఆ పట్టు విడిపించడానికే ఖర్చవుతుంది. అణువుల వేగం పెరగదు కనుక ఉష్ణోగ్రతా పెరగదు. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 100 డిగ్రీలకు తేవడానికి 100 కెలోరీలు చాలు. అదే నీటిని, ఒక్క డిగ్రీ కూడా పెంచకుండా, ఆవిరిగా మార్చడానికి 540 కెలోరీలు కావాలి! దీన్నే గుప్తోష్ణం అంటారు. బడిలో ఘన, ద్రవ, వాయు స్థితులకు మూడు బొమ్మలు గీయించి పాఠం ముగిస్తే పిల్లలకు అన్యాయం చేసినట్టే. అసలు విశేషమంతా ఒక స్థితి నుంచి మరో స్థితికి దాటే చోట ఉంది.

ఈ సంగతి మొదట కొలిచి చూపినవాడు స్కాట్లాండ్ శాస్త్రవేత్త జోసెఫ్ బ్లాక్. 1760ల తొలినాళ్లలో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో ఒకేలాంటి రెండు గాజు పాత్రలు తీసుకున్నాడు. ఒకదానిలో మంచుగడ్డ, మరోదానిలో దాదాపు అంతే చల్లగా ఉన్న నీరు. రెండింటినీ ఒకే గదిలో వేలాడదీశాడు. నీరు అరగంటలో 7 ఫారన్‌హీట్ డిగ్రీలు వేడెక్కింది. మంచు కరిగి అదే ఉష్ణోగ్రతకు చేరడానికి పదిన్నర గంటలు పట్టింది. గదిలోని వేడి రెండు పాత్రలకూ ఒకేలా అందుతున్నప్పుడు, మంచులోకి అన్ని గంటలు వెళ్లిన వేడి ఏమైనట్టు? కరగడానికే ఖర్చయిందని బ్లాక్ తేల్చాడు. అతని లెక్క నేటి విలువకు చాలా దగ్గరగా ఉంది. రెండు పాత్రలు, ఒక థర్మామీటర్, బోలెడంత ఓపిక: ఇంత తక్కువ సరంజామాతో ఇంత పెద్ద సంగతి బయటపడటం నన్ను ఇప్పటికీ అబ్బురపరుస్తుంది.

ఆవిరి తనలో దాచుకున్న వేడిని తిరిగి ఇచ్చేస్తుంది కూడా. ఇడ్లీ పాత్రలో జరిగేది అదే. ఆవిరి చల్లని పిండిని తాకి నీరుగా మారుతుంది, మారిన ప్రతి గ్రాముకూ 540 కెలోరీలు పిండికి వదిలిపెడుతుంది. ఆ వేడితోనే ఇడ్లీ లోపలి వరకూ ఉడుకుతుంది. ఆవిరి తగిలి కాలితే గాయం తీవ్రంగా ఉండేదీ ఇందుకే. ఒక గ్రాము మరిగే నీరు చర్మం వేడికి చల్లబడేలోగా ఇచ్చేది 60 కెలోరీల పైచిలుకు. అంతే ఆవిరి 600 పైచిలుకు ఇస్తుంది. మూత తీసేటప్పుడు దాన్ని మన ముఖానికి అవతలి వైపు నుంచి ఎత్తమని పిల్లలకు చెప్పేటప్పుడు ఈ కారణం కూడా చెప్పండి. కారణం తెలిసిన జాగ్రత్తను పిల్లలు మరిచిపోరు.

కుక్కర్ మాత్రం వేరే దారి తొక్కుతుంది. లోపల ఒత్తిడి పెరగడంతో మరుగు స్థానమే 120 డిగ్రీల వరకు జరుగుతుంది. ఆ ఒత్తిడి వచ్చాక పెద్ద మంట దండగ. అదనపు ఆవిరి విజిల్‌గా బయటికి పోతుంది, అంతే.

నీరు ఆవిరవడానికి మరిగేదాకా ఆగనక్కర్లేదు. మట్టికుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా చెమ్మ పైకి వచ్చి, గాలికి ఆరిపోతూ కావలసిన వేడిని కుండలోని నీటి నుంచే లాక్కుంటుంది. ఒక లీటరులో 20 గ్రాములు అలా ఆరితే, బయటి వేడి లోపలికి రాకపోతే, మిగతా నీరు 11 డిగ్రీలకు పైగా చల్లబడాలి. అయితే గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఆరడం మందగిస్తుంది. అనంతపురం ఎండల్లో కుండనీరు ఇచ్చే చలువ విశాఖ ఉక్కపోతలో రాదు. చెమట ఆరక మన ఒళ్లు పడే అవస్థకూ మూలం ఇదే. నీళ్ల కూలర్ పెట్టి, గాలి బయటికి పోయే దారి లేకుండా తలుపులు, కిటికీలు మూసేస్తే గదిలో తేమ పేరుకుని చల్లదనం తగ్గిపోతుంది. ఒక కిటికీ తెరిచి ఉంచాలి.