జోడీ కుదరడమే అసలు కథ: డిఫరెన్షియల్ యాంప్లిఫైయర్ చిప్‌లు

ఒక ఆప్‌యాంప్, నాలుగు రెసిస్టర్లు ఉంటే డిఫరెన్షియల్ యాంప్లిఫైయర్ తయారు. ఆప్‌యాంప్ అంటే సిగ్నల్‌ను ఎన్నో రెట్లు పెంచే చిప్; డిఫరెన్షియల్ యాంప్లిఫైయర్ అంటే రెండు ఇన్‌పుట్‌ల మధ్య తేడాను పెంచే సర్క్యూట్. పాఠ్యపుస్తకంలో అంతే ఉంటుంది. మరి అదే పనికి విడిగా ఒక చిప్ కొనడం ఎందుకని సర్క్యూట్లు కట్టేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు అనుమానం వస్తుంది. జవాబు కావాలంటే 1930ల దాకా వెళ్లాలి.

ఈ యాంప్లిఫైయర్ కోసం మొదట తహతహలాడినవాళ్లలో శరీరం నుంచి వచ్చే సిగ్నళ్లు కొలిచేవాళ్లున్నారు. ఛాతీ మీద దొరికే గుండె సిగ్నల్ సుమారు ఒక మిల్లీవోల్టు. కరెంటు లైన్ల నుంచి ఒంటికి అంటుకునే హమ్ (అక్కర్లేని సిగ్నల్) అంతకు ఎన్నో రెట్లు. కాకపోతే ఆ హమ్ రెండు ఎలక్ట్రోడ్ల మీదా దాదాపు ఒకేలా ఉంటుంది. ఉమ్మడిగా ఉన్నదాన్ని వదిలేసి, తేడాను మాత్రమే పెంచితే చాలు. బ్రిటన్‌లో బ్రయాన్ మాథ్యూస్ 1934లో అలాంటి యాంప్లిఫైయర్‌ను వివరించాడు. 1936లో అలన్ బ్లమ్‌లైన్ పేటెంటుకు పెట్టిన సర్క్యూట్‌లో రెండు వాల్వుల (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాలు) కాథోడ్లు, అంటే ఎలక్ట్రాన్లు వదిలే కొసలు, కలిసి, ఒకే పెద్ద రెసిస్టర్ మీదుగా కిందికి దిగుతాయి. 'లాంగ్ టెయిల్డ్ పెయిర్' అన్న పేరులోని తోక అదే. ఆప్‌యాంప్‌లలో ఇన్‌పుట్ దగ్గర ఇప్పటికీ కనిపించేది ఈ జంటే.

చిక్కల్లా జోడీ కుదరకపోవడమే. ఏ రెండు వాల్వులూ అచ్చంగా ఒకేలా ఉండవు, పాతబడేకొద్దీ మరీ దూరమవుతాయి. విడి ట్రాన్సిస్టర్లు వచ్చాక కూడా ఈ బాధ తీరలేదు. ట్రాన్సిస్టర్‌ను పనిచేయించే బేస్-ఎమిటర్ వోల్టేజీ, వేడి పెరిగే ఒక్కో డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు పడిపోతుంది. రెండిట్లో ఒకటి కాస్త వేడెక్కితే చాలు, ఆ తేడా కూడా సిగ్నల్ వేషం వేసుకుని వచ్చేస్తుంది.

ఒకే సిలికాన్ ముక్క మీద పక్కపక్కనే పుట్టిన ట్రాన్సిస్టర్లకు ఈ గొడవ చాలావరకు ఉండదు. ఫెయిర్‌చైల్డ్‌లో (అమెరికా చిప్‌ల కంపెనీ) బాబ్ విడ్లార్ పట్టుకున్న కిటుకు ఇదే. చిప్ మీద కచ్చితమైన విలువ రాబట్టడం కష్టం, ఒకేలాంటి రెండిటిని చేయడం తేలిక. 1965లో ఆయన ఆప్‌యాంప్ చిప్ 709 వచ్చింది. 1968లో డేవ్ ఫుల్లాగర్ 741 వచ్చాక, యాంప్లిఫైయర్ తనంతట తాను ఊగిపోకుండా బయట తగిలించాల్సిన కాంపెన్సేషన్ కెపాసిటర్ కూడా లోపలికి చేరింది.

లోపల జోడీ కుదిరింది. బయటి నాలుగు రెసిస్టర్లు మిగిలాయి. విలువలో ఒక శాతం దాకా తేడా ఉండే రకం వాడి గెయిన్ (ఎన్ని రెట్లు పెంచాలన్నది) 1 పెడితే, మరీ అధ్వానంగా పడినప్పుడు ఉమ్మడి సిగ్నల్‌లో 50వ వంతు అవుట్‌పుట్‌కు చేరిపోతుంది, అంటే ఉమ్మడి సిగ్నల్‌ను అణచేది 34 డెసిబెల్లే (ఈ అంకె ఎంత ఎక్కువైతే అంత మేలు). ఆప్‌యాంప్ ఎంత ఖరీదైనదైనా దీన్ని కాపాడలేదు. అందుకే రెసిస్టర్లను కూడా చిప్ మీదే వేసి, లేజర్‌తో చెక్కి సరిచేయడం మొదలైంది. బర్-బ్రౌన్ ఐఎన్ఏ105లో అలాంటివి నాలుగు, ఒక్కోటి 25 కిలో ఓములు. మేలు రకం గ్రేడుల్లో ఇది కనీసం 86 డెసిబెల్లు ఇస్తుంది. డబ్బు పెట్టేది ఆ చెక్కుడుకే.

ఇంత చేసినా, ఒక ఇన్‌పుట్ దారిలో 5 ఓములు ఎక్కువుంటే చాలు, ఆ ఒక్క కారణంగానే 80 డెసిబెల్లకు పడిపోతుంది. సిగ్నల్ పంపే సోర్సును నమ్మలేని చోట ఇన్‌పుట్‌లకు ముందు బఫర్లున్న (సోర్సుకు భారం కాకుండా సిగ్నల్ అందించే దశలు) ఇన్‌స్ట్రుమెంటేషన్ యాంప్లిఫైయర్ వాడటం ఇందుకే.