పాలు పడలేదంటే ఏమిటి, అమ్మమ్మా?

చిరంజీవులు బుజ్జమ్మకు, చిన్నాకు అమ్మమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులు అయిపోయి బస్సు ఎక్కబోతూ బుజ్జమ్మ నా చెవిలో ఒక ప్రశ్న అడిగింది. "పిన్ని కిటికీ దగ్గర కూర్చుని ఎందుకు ఏడ్చింది? ఎదురింటి మామ్మగారు పాలు పడలేదని ఎందుకన్నారు?" ఫోనులో రెండు ముక్కల్లో తేల్చే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నాను. ఇందులో రొమ్ము, చనుమొన అన్న మాటలు వస్తాయి. చిన్నా, నువ్వు సిగ్గుపడనక్కర లేదు. నువ్వూ ఆ పాలు తాగే ఇంతవాడివయ్యావు.

మీరు వచ్చేసరికి పిన్ని కొడుకు, మీ తమ్ముడు, పుట్టి రెండు రోజులు. అప్పుడు తల్లికి వచ్చేవి ముర్రుపాలు. పసుపుపచ్చగా, చిక్కగా, రోజంతా కలిపినా కొన్ని చెంచాలే ఉంటాయి. చూసేవాళ్లకు పాలే లేవనిపిస్తుంది. కానీ బిడ్డ పొట్ట కూడా అప్పుడు చిన్నది, అంతకు మించి పట్టదు. రోగాలను అడ్డుకునే పదార్థాలు ఆ కొద్ది పాలలోనే నిండుగా ఉంటాయి. పుట్టిన గంటలోపే బిడ్డకు రొమ్ము పట్టించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది అందుకే. తెల్లని పాలు ధారగా రావడానికి మూడో రోజో నాలుగో రోజో అవుతుంది. మన ఇళ్లలో దాన్నే పాలు పడటం అంటాం. మామ్మగారు చెడ్డ ఉద్దేశంతో అనలేదు. కానీ రెండు రోజులు తొందరపడ్డారు, ఆ మాట పచ్చి బాలింత చెవిన పడింది.

నాకు ఆ బాధ తెలుసు. 1986లో మీ అమ్మ పుట్టినప్పుడు, తను తాగవలసిన ముర్రుపాలను ఇంట్లో పెద్దవాళ్లు పిండి పారబోయించారు. అవి బిడ్డకు పడవనీ, కడుపునొప్పి వస్తుందనీ నమ్మేవారు. మూడు రోజులు పంచదార నీళ్లలో దూదివత్తి ముంచి నోట్లో పెట్టారు. నాకు ఇరవై రెండేళ్లు, ఎదురు చెప్పడం తెలియదు. ఆ పాలు గుర్తొస్తే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

నాలుగో రోజు పాలు పడ్డాయి. అప్పటికి మీ అమ్మకు రొమ్ము పట్టడం చేతకాలేదు. పాలు నిలిచిపోయి రొమ్ములు రాళ్లలా గట్టిపడ్డాయి. జ్వరం వచ్చింది. చనుమొనలు చీలి నెత్తురు కనిపించింది. బిడ్డ ఆకలితో ఏడవగానే నాకు వణుకు పుట్టేది. అప్పుడు మా మేనత్త వచ్చి అందరినీ గదిలోంచి బయటికి పంపి, నా నడుముకు దిండు ఆనించింది. "నువ్వు వంగి రొమ్ము అందించకు. నిటారుగా కూర్చుని బిడ్డనే దగ్గరికి తెచ్చుకో" అంది. మీ అమ్మ నోరు బాగా తెరిచే దాకా ఆగి, చనుమొనతో పాటు దాని చుట్టూ ఉన్న నల్లని భాగం కూడా నోట్లోకి వెళ్లేలా పట్టించింది. కాసేపటికి గుటక పడిన చప్పుడు వినిపించింది. ఆ చప్పుడుకు నేను ఏడ్చాను. నిన్న పిన్ని దగ్గర కూర్చుని మళ్లీ అదే చప్పుడు విన్నాను.

రొమ్ము ముందుగా నింపి పెట్టిన కుండ కాదు. బిడ్డ చీకినప్పుడు తల్లి మెదడుకు కబురు వెళుతుంది. ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పాలను తయారు చేయిస్తుంది. ఆక్సిటోసిన్ అనే మరో హార్మోన్, లోపల ద్రాక్షగుత్తుల్లా ఉండే పాలసంచులను నొక్కి పాలను బయటికి తోస్తుంది. ఈ రెండో పనికి మన పాతమాట చేపు. వెనక వీధిలో దూడను వదలగానే గేదె పొదుగు నిండి రావడం మీరు నోరు తెరుచుకుని చూశారే, అదే చేపడం. భయపడినా, నొప్పిగా ఉన్నా, మనసు కష్టపడినా చేపు ఆలస్యమవుతుంది. పాలు లోపల ఉన్నా దిగవు. బాలింత ముందు "పాలు పడలేదు" అనకూడదని నేను మొండిగా చెప్పేది ఇందుకే. ఆ మాటకే పాలు దిగకుండా పోవచ్చు.

బొప్పాయి కూర, వెల్లుల్లి కారం, దొరికిన రోజు పాలసొర పులుసు పిన్నికి వండి పెడుతూనే ఉన్నాను. అవి తల్లికి బలం. పాలను పెంచేది మాత్రం బిడ్డ చీకడమే. కొత్తగా పుట్టిన బిడ్డ రోజుకు ఎనిమిది నుంచి పన్నెండు సార్లు తాగుతాడు, రాత్రి రెండు గంటలకు కూడా. పాలను తయారు చేయించే ప్రొలాక్టిన్ రాత్రిపూటే ఎక్కువగా ఊరుతుంది, అందుకని రాత్రి పాలు మానిపించకూడదు. పిన్ని పగలు నిద్రపోతే బద్ధకం అనుకోకండి.

ఆవుపాలు పోయొచ్చు కదా అన్నావు, చిన్నా. దూడ పుట్టిన కాసేపటికే లేచి నిలబడుతుంది, వేగంగా పెరుగుతుంది. దానికి తగినట్టు ఆవుపాలలో మాంసకృత్తులు తల్లిపాలకు దాదాపు మూడింతలు ఉంటాయి, లవణాలూ ఎక్కువే. పసివాడి మూత్రపిండాలకు అది మోయలేని బరువు. నీళ్లు కూడా వద్దు. తల్లిపాలలో వందకు 87 పాళ్ల దాకా నీరే ఉంటుంది, మన ఎండాకాలంలోనూ అది చాలు. ఆరు నెలలు నిండాక మెత్తని అన్నం మొదలుపెట్టి, రెండేళ్లు, ఆ పైనా పాలు కొనసాగించవచ్చు.

పిన్నికి ఉద్యోగంలో 26 వారాల సెలవు ఉంది. 2017లో చట్టం మార్చాక వచ్చిన సౌకర్యం అది. మన ఊళ్లో కలుపు తీసే అమ్మాయిలకు ఆ సెలవు లేదు. గట్టు మీద చీర ఉయ్యాల కట్టి, మధ్యలో పరుగున వచ్చి పాలిచ్చి మళ్లీ చేలోకి దిగుతారు. వాళ్లను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఎంత ప్రయత్నించినా పాలు చాలని తల్లులు కొందరు ఉంటారు. అది వాళ్ల తప్పు కాదు. డాక్టరు చెప్పినట్టు డబ్బాపాలు పట్టి పెంచిన తల్లి కూడా అంతే తల్లి. నెలలు నిండక పుట్టిన పిల్లలకైతే వేరే తల్లుల పాలు దొరికే చోట్లు ఉన్నాయి. మీ హైదరాబాదులోని నీలోఫర్ ఆసుపత్రిలో 2017లో "ధాత్రి" అనే తల్లిపాల బ్యాంకు పెట్టారు. ఇలాంటి బ్యాంకుల్లో పాలిచ్చే తల్లులకు ముందు పరీక్షలు చేస్తారు. ఆ పాలను 62.5 డిగ్రీల వేడిలో అరగంట ఉంచి, చల్లబరిచి, గడ్డకట్టించి దాస్తారు. ముఖం కూడా చూడని బిడ్డ కోసం పాలు పిండి ఇచ్చే ఆ తల్లులకు నేను చేతులెత్తి దండం పెడతాను.

బిడ్డకు పాలు చాలుతున్నాయో లేదో తడిసిన గుడ్డల లెక్కతో తెలుసుకోవచ్చు. అయిదు రోజులు దాటాక రోజుకు ఆరుకు తగ్గకుండా తడిస్తే పాలు అందుతున్నట్టే. తడిసిన గుడ్డకల్లా క్యాలెండరు మీద ఒక గీత గీసే పని చిన్నాకు అప్పగించింది అందుకే. నువ్వు వెళ్లే రోజు ఏడు గీతలు ఉన్నాయి. అవి చూపించాకే పిన్ని కళ్లు తుడుచుకుని అన్నం తింది. ఇప్పుడు ఆ గీతలు నేనే గీస్తున్నాను. నిన్న తొమ్మిది.

మీ
అమ్మమ్మ