తాబేలుకు తోడు కావాలా?

ఇంట్లో ఒక్క తాబేలు కనిపిస్తే చూడవచ్చిన వాళ్లకు జాలి కలుగుతుంది. "పాపం, ఒంటరిగా బెంగ పెట్టుకోదా? ఇంకోదాన్ని తెచ్చి జత కలపండి" అంటారు. నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా ఈ మాట అనేవారి మనసు మంచిదే. కానీ మేకకు మంద ఎంత అవసరమో, నేల మీద బతికే తాబేలుకు ఏకాంతం అంత అవసరం.

ఎలిసబెట్టా వెర్సాచే బృందం 2018లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో నాకు చాలా విలువైనదిగా తోస్తుంది. టెస్టూడో అనే వర్గానికి చెందిన, గుడ్డులోంచి బయటపడి ఎంతో కాలం కాని పిల్లలను వారు గమనించారు. అంతకుముందు కలిసి ఉన్న పిల్ల ఎదురుపడితే అవి పట్టించుకోలేదు. కొత్త పిల్ల ఎదురుపడితే కాసేపు పరిశీలించి, దూరంగా జరిగిపోయాయి. తల్లి గుడ్లు పెట్టి, మట్టి కప్పి వెళ్లిపోతుంది. పిల్లలు పుట్టగానే ఎవరి దారి వారిది. ఎడంగా ఉండటం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం.

అంతమాత్రాన తాబేలు మందబుద్ధి కాదు. అన్నా విల్కిన్సన్, ఆమె సహచరులు 2010లో దక్షిణ అమెరికా ఎర్రకాళ్ల తాబేళ్లతో చేసిన ప్రయోగంలో, కంచె చుట్టూ తిరిగి ఆహారం చేరుకునే దారిని అవి మరో తాబేలును చూసి నేర్చుకున్నాయి. చూసే అవకాశం లేనివి దారి కనుక్కోలేకపోయాయి. తోటి తాబేలు ఏం చేస్తోందో అది గమనిస్తూనే ఉంటుందన్నమాట. చిట్టడవిలో అయితే గమనించి, నచ్చకపోతే పొదల చాటుకు వెళ్లిపోతుంది. నాలుగు గోడల పెరట్లో ఎక్కడికి వెళ్తుంది?

తాబేళ్ల మధ్య దౌర్జన్యం చాలాసార్లు చప్పుడు లేకుండా సాగుతుంది. కొరకడం, డిప్పతో గుద్దడం మనకు కనిపిస్తాయి. అదే పనిగా వెంట తిరగడం, దారికి అడ్డంగా నిలబడటం, ఆకుల మీద కూర్చుని తినడం, రెండోదాని మీదికి ఎక్కడం మాత్రం చూసేవారికి స్నేహంలా కనిపిస్తాయి. రెండే ఉన్నప్పుడు పరిస్థితి మరీ ఘోరం, బలమైనదాని ఒత్తిడి మొత్తం ఒక్కదానిపైనే పడుతుంది. రెండు మగవి ఉంటే పోట్లాట, ఒక మగ ఒక ఆడ ఉంటే ఆడదానికి ఊపిరాడనివ్వని వేధింపు. చిన్న పిల్లలను కొన్నప్పుడు ఏది మగో ఏది ఆడో చెప్పడమూ కష్టమే.

ఈ ఒత్తిడి జబ్బుగా మారే తీరు తెలుసుకోవాలి. తాబేలు తన ఒంటి వేడిని తానే పుట్టించుకోలేదు. తిన్నది అరగాలంటే ఎండలో కాగాలి, కాగిన తర్వాత నీడకు చేరాలి. చలిదేశాల వారు రాసిన సూచనల్లో పోటీ అంతా వేడి దీపం కింది చోటు కోసం. మన దగ్గర డిసెంబరు, జనవరి ఉదయాలు తప్పిస్తే పోటీ నీడ కోసం. రోహిణి కార్తెలో మిద్దె మీద ఒకే తాటాకు గుడిసె ఉండి, దాన్ని ఒక తాబేలు ఆక్రమించుకుంటే రెండోది ఎండలో మిగిలిపోతుంది. తాబేలుకు చెమట పట్టదు. మనకు వడదెబ్బ తగిలినట్టే దానికీ తగులుతుంది, ప్రాణం పోతుంది. మన ప్రాంతంలో రెండింటిని పెంచేవారు ముందుగా ఆలోచించాల్సింది ఈ నీడ గురించే. ఎన్ని తాబేళ్లుంటే అంతకంటే ఒకటి ఎక్కువగా నీడచోట్లు, అవీ దూరదూరంగా ఉండాలి. నీళ్ల పళ్లేలు, మేత పెట్టే చోట్లు కూడా అంతే. మధ్యలో పొదలు, పెద్ద రాళ్లు, మట్టి దిబ్బలు అడ్డం పెడితే ఒకదాని కంటికి ఒకటి కనబడదు. చూపు తెగితేనే వెంటాడటం ఆగుతుంది.

ఆఫ్రికా సహేల్ ప్రాంతపు సల్కాటా తాబేళ్లను అరచేతిలో పట్టే పిల్లలుగా అమ్ముతారు. అవి పెరిగి 40-50 కిలోలు దాటవచ్చు. మగవి గొంతు కింది డిప్ప కొమ్ముతో ఒకదాన్నొకటి వెల్లకిలా పడేస్తాయి. మే నెల మధ్యాహ్నం అలా పడిపోయినదాన్ని ఎవరూ గమనించకపోతే సాయంత్రానికి బతకదు. వేరే జాతులను వాటితో కలపడం అసలు మంచిది కాదు. ఒక జాతి ఏ లక్షణమూ లేకుండా మోసే హెర్పిస్ వైరస్ ఇంకో జాతిని చంపగలదు. అందుకే కొత్తగా వచ్చిన తాబేలును ఆరు నెలలైనా వేరుగా ఉంచి, పళ్లేలు కూడా విడిగా వాడాలి. ముక్కు నుంచి నీరు కారుతుంటే జలుబులే అని వదిలేయకుండా పశువైద్యునికి చూపించాలి.

ఇక మన మెట్ట అడవుల్లో ఉండే నక్షత్ర తాబేలు సంగతి. దాన్ని ఒకటిగా కానీ జతగా కానీ పెంచే ప్రశ్నే లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో అది ఉంది, పట్టుకున్నా ఇంట్లో ఉంచుకున్నా జైలు శిక్షే. ఇంట్లో ఉంటే కలిసొస్తుందన్న నమ్మకమే దాని పాలిట శాపమైంది. వన్యప్రాణుల అంతర్జాతీయ వాణిజ్యాన్ని నియంత్రించే సైట్స్ ఒప్పందం మొదటి అనుబంధంలో 2019లో దీన్ని చేర్చి, దేశాల మధ్య వ్యాపారాన్ని కూడా నిషేధించారు. ఉదయగిరి వైపు దారిలో కనబడితే, అది వెళ్తున్న దిక్కుకే రోడ్డు దాటించి వదిలేయండి; ఎవరి ఇంట్లోనైనా ఉందని తెలిస్తే అటవీ శాఖకు చెప్పండి. సల్కాటా వంటి విదేశీ జాతులకైతే 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి.

ఇప్పటికే రెండు మూడు పెంచుతున్నవారు వంటింటి కాటా ఒకటి దగ్గర పెట్టుకుని, నెలకోసారి ఒక్కొక్కదాని బరువు రాసుకోండి. ఒకే వయసు పిల్లల్లో ఒకటి పెరుగుతూ ఇంకొకటి ఆగిపోయిందంటే, మేత మార్చే ముందు దాన్ని విడిగా పెట్టి చూడండి. కొన్ని వారాల్లో తిండి, బరువు పుంజుకుంటే మళ్లీ కలపకండి. పుంజుకోకపోతే మలపరీక్ష చేయించండి, పొట్టలో పురుగులు కారణం కావచ్చు.