గురి తప్పితే ఎన్ని నిమిషాలు? బయాథ్లాన్ తొలి ప్రపంచకప్ వెనక కథ

మంచు మీద స్కీలతో పరుగెడుతూ మధ్యమధ్య ఆగి తుపాకీతో గురి కొట్టే ఆట బయాథ్లాన్. దాని అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. గెలవాల్సింది మంచు మీద స్కీలతో దూసుకుపోయేవాడా, తుపాకీ గురి తప్పనివాడా? తేల్చేది శిక్షే. 20 కిలోమీటర్ల వ్యక్తిగత రేసులో ఒక్క షాట్ తప్పితే మొత్తం సమయానికి ఒక నిమిషం కలుపుతారు. 10 కిలోమీటర్ల పొట్టి రేసు స్ప్రింట్‌లో అయితే 150 మీటర్ల పెనాల్టీ లూప్‌ను, అంటే శిక్షగా అదనపు చుట్టును, ఒకసారి చుట్టి రావాలి. మంచి ఆటగాడికి దానికి పాతిక సెకన్లకు మించి పట్టదు. ఒకే తప్పుకు రెండు ధరలెందుకో అర్థం కావాలంటే 1977-78 శీతాకాలం దాకా, ఇంకా చెప్పాలంటే 1960 దాకా వెనక్కి వెళ్లాలి.

ఈ ఆట పుట్టింది సైన్యంలో. 1924లో షామొనీలో జరిగిన తొలి శీతాకాల ఒలింపిక్స్‌లో దీని పూర్వరూపం మిలిటరీ పెట్రోల్ ఉంది. సైనికులు జట్టుగా, వీపున తుపాకీలతో స్కీ చేస్తూ వెళ్లేవారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత దాన్ని వ్యక్తిగత పోటీగా మార్చారు. మొదటి ప్రపంచ చాంపియన్‌షిప్ 1958లో ఆస్ట్రియాలోని సాల్ఫెల్డెన్‌లో జరిగింది. స్వీడన్‌కు చెందిన అడాల్ఫ్ విక్లుండ్ గెలిచాడు. అప్పట్లో వాడింది సైనిక తరహా పెద్ద రైఫిళ్లే. ఒక్క షాట్ తప్పితే రెండు నిమిషాల శిక్ష.

రెండు నిమిషాలంటే ఎంతో 1960లో స్క్వా వ్యాలీ ఒలింపిక్స్‌లో తెలిసింది. మొత్తం 30 మంది బరిలో దిగారు. అందరికంటే వేగంగా స్కీ చేసింది ఫ్రాన్స్‌కు చెందిన విక్టర్ ఆర్బే, గంటా 25 నిమిషాల 58 సెకన్లు. స్వీడన్ ఆటగాడు క్లాస్ లెస్టాండర్‌కు గంటా 33 నిమిషాల 21 సెకన్లు పట్టింది. వేగంలో అతనిది 15వ స్థానం. కానీ 20 షాట్లకు 20 తగిలాయి. ఆర్బేకు తగిలినవి రెండే! 18 తప్పులకు 36 నిమిషాలు కలిపేసరికి పాపం 25వ స్థానానికి జారిపోయాడు. లెస్టాండర్ ఈ ఆటలో తొలి ఒలింపిక్ చాంపియన్ అయ్యాడు.

ఇక్కడ ఒక చిన్న లెక్క వేసి చూడండి, సరదాగా ఉంటుంది. అదే ఆర్బేకు ఒక్కో తప్పుకు ఇప్పటి లూప్‌లాగా 24 సెకన్లే పడ్డాయనుకుందాం. 18 తప్పులకు ఏడు నిమిషాల 12 సెకన్లు. కలిపితే గంటా 33 నిమిషాల 10 సెకన్లు. అంటే 20కి రెండే కొట్టినవాడు, 20కి 20 కొట్టినవాడిని 11 సెకన్ల తేడాతో ఓడించేవాడు. అప్పటి స్కీలతో లూప్ చుట్టడానికి ఇంకాస్త ఎక్కువే పట్టేదనుకోండి, అది వేరే సంగతి. రూల్ పుస్తకంలో ఒక్క అంకె మారితే చాంపియనే మారిపోతాడన్నది మాత్రం నిజం.

ఆ తర్వాత శిక్ష తగ్గుతూ వచ్చింది. 1966లో రిలే రేసు ప్రపంచ చాంపియన్‌షిప్‌లో చేరింది. అందులో నిమిషాలు కలపడం మానేసి లూప్ పెట్టారు. చూసేవాళ్లకు ఇదే నయం. నిమిషాలు కలిపే పద్ధతిలో ముందెవరున్నారో తెలియాలంటే కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చోవాలి. లూప్‌లో తప్పు చేసినవాడు అందరి కళ్లముందే చుట్టూ తిరుగుతుంటాడు, అవతల ప్రత్యర్థి వెళ్లిపోతుంటాడు. 1974లో మిన్స్క్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో 10 కిలోమీటర్ల స్ప్రింట్‌ను తెచ్చినప్పుడు ఈ లూప్‌నే తీసుకున్నారు.

ఇక 1977-78 సీజన్. అసలు మలుపు అక్కడే. ఏడాదికొక చాంపియన్‌షిప్‌తో సరిపెట్టకుండా, ఊరూరా రేసులు పెట్టి, పాయింట్లు కూడి, సీజన్ విజేతను తేల్చే ప్రపంచకప్ మొదలైంది. మగవాళ్లకు మాత్రమే. 1978 జనవరిలో పశ్చిమ జర్మనీలోని రుపోల్డింగ్‌లో తొలి రేసులు జరిగాయి. అదే శీతాకాలంలో పెద్ద తుపాకీలు పోయి పాయింట్ 22 చిన్న రైఫిళ్లు వచ్చాయి. 150 మీటర్ల దూరంలో ఉండే టార్గెట్లు 50 మీటర్లకు వచ్చేశాయి.

ఈ రెండూ ఒకేసారి రావడం వట్టి కాకతాళీయం అనిపించదు నాకు. పెద్ద తూటాలు పేల్చాలంటే విశాలమైన, భద్రమైన స్థలం కావాలి, మోత భరించాలి, ఖర్చు పెట్టుకోవాలి. సైన్యం అండ లేని క్లబ్బుకు అది తలకు మించిన భారం. చిన్న రైఫిల్‌తో రేంజ్ స్టేడియంలో ఇమిడిపోయింది, ప్రేక్షకుడు గ్యాలరీలో కూర్చుని చూసే వీలు కలిగింది. వారం వారం ఊరు మారే సర్క్యూట్‌కు కావాల్సింది అదే కదా.

దూరం తగ్గింది కదా, గురి తేలికైపోయిందనుకోకండి. టార్గెట్ కూడా చిన్నదైంది. ఇప్పుడు బోర్లా పడుకుని కొట్టేది 45 మిల్లీమీటర్లు, నిలబడి కొట్టేది 115 మిల్లీమీటర్లు. గుండె దడదడలాడుతుండగా మూడున్నర కిలోలకు తగ్గని రైఫిల్ ఎత్తి అంత చిన్న చుక్కను కొట్టడమంటే, మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చి ఆయాసం తీరకుండానే సూదిలో దారం ఎక్కించడమే.

ఆ తొలి సీజన్ కప్ తూర్పు జర్మనీకి చెందిన ఫ్రాంక్ ఉల్రిచ్‌దే. వయసు 20. అదే ఏడాది ఆస్ట్రియాలోని హోక్‌ఫిల్జెన్‌లో చిన్న రైఫిళ్లతో జరిగిన తొలి ప్రపంచ చాంపియన్‌షిప్‌లో స్ప్రింట్ స్వర్ణం కూడా అతనిదే. 20 కిలోమీటర్లలో నార్వే ఆటగాడు ఓడ్ లిర్హుస్ గెలిచాడు. మరుసటి సీజన్ ప్రపంచకప్ ఉల్రిచ్ సహచరుడు క్లాస్ సీబర్ట్‌కు దక్కింది. తర్వాత వరసగా మూడేళ్లు మళ్లీ ఉల్రిచ్. తొలి ఐదు కప్పులూ ఒక్క దేశానికే! ఒలింపిక్స్‌లోకి స్ప్రింట్ మొదటిసారి 1980లో లేక్ ప్లాసిడ్‌లో వచ్చింది. ఆ స్వర్ణమూ అతనికే. చివరకు 1982-83లో పశ్చిమ జర్మనీకి చెందిన పీటర్ ఆంగరర్ ఆ వరసను తెంచాడు.

తూర్పు జర్మనీ విజయాల గురించి రాసేటప్పుడు ఒక మాట చెప్పకుండా ఉండలేం. 1970లలో అక్కడి ప్రభుత్వమే క్రీడల్లో డోపింగ్ కార్యక్రమాన్ని రహస్యంగా నడిపించిందని తర్వాత రికార్డులతో సహా బయటపడింది. ఆ కాలం నాటి ఆ దేశపు పతకాల పట్టిక ఏది చూసినా ఈ సంగతి గుర్తుపెట్టుకునే చూడాలి. ఉల్రిచ్ తర్వాత కోచ్ అయ్యాడు, 2021లో జర్మనీ పార్లమెంటుకూ ఎన్నికయ్యాడు. సీబర్ట్ కూడా కోచ్‌గా పేరు తెచ్చుకున్నాడు.

ప్రపంచకప్ వచ్చాక ఆట మొగ్గు వేగం వైపు పెరిగింది. 1980ల మధ్యలో స్కీలను పక్కలకు నెడుతూ సాగే స్కేటింగ్ పద్ధతి వచ్చి స్కీ వేగం మరింత పెరిగింది. తర్వాత చేరిన పర్స్యూట్ (ముందటి రేసులోని తేడాలతో ఒకరి వెనక ఒకరు బయల్దేరేది), మాస్ స్టార్ట్ (అందరూ ఒకేసారి బయల్దేరేది) రెండింట్లోనూ లూప్ శిక్షే. నిమిషం శిక్ష వ్యక్తిగత రేసులో మాత్రం మిగిలింది. అందులోనూ 15 కిలోమీటర్ల పొట్టి రకం ఒకటి ఈమధ్య ప్రపంచకప్‌లోకి వచ్చింది. అక్కడ ఒక్కో తప్పుకు 45 సెకన్లే.