ముక్కులో కండ, ఛాతీలో పిల్లికూతలు: ఈ చుట్టరికం ఎక్కడిది?

మా చిన్నాన్నకు ఉబ్బసం, దానికి తోడు ముక్కులో కండ. అనంతపురంలో ఉండగా ఒకసారి, బెంగళూరు వచ్చాక ఇంకోసారి ఆపరేషన్ అయింది, అయినా మళ్లీ పెరిగింది. డాక్టర్ స్క్రీన్ మీద చూపిస్తే తొక్క తీసిన ద్రాక్షపండులా బూడిదరంగులో నిగనిగలాడుతోంది. మారతహళ్లి ఇంట్లో ఓసారి పాలు మాడి వంటింట్లో కంపు లేచినా, పక్కగదిలో పేపర్ చదువుకుంటున్న ఆయనకు తెలియనే లేదు. ఇప్పుడు ఆయన కొడుకు, అంటే మా తమ్ముడికీ ముక్కు దిబ్బడ మొదలైంది. "మీ వంశం ఇచ్చిన ఆస్తే కదా ఇది" అంటుంది పిన్ని.

ఆమె మాటలో సగం నిజముంది.

ముక్కులో కండ సుశ్రుతుడికీ తెలుసు, నాసార్శస్సు అన్నాడు. అటు గ్రీకు వైద్యులు స్పాంజికి దారం కట్టి ముక్కులోంచి లాగి తీసేవాళ్లట (తలుచుకుంటేనే కళ్లలో నీళ్లొస్తున్నాయి). ఉబ్బసంతో దీనికున్న లంకెను అర్థం చేసుకోవడానికి దారి చూపింది మాత్రం ఒక మాత్ర. 1899లో ఆస్పిరిన్ బజారులోకొచ్చింది. 1922లో పారిస్‌లో డాక్టర్ విడాల్, ఆయన తోటివాళ్లు ఉబ్బసం, ముక్కులో కండ, ఆస్పిరిన్ పడకపోవడం, ఈ మూడూ ఒకే మనిషిలో చూసి రాశారు. పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 1968లో అమెరికాలో డాక్టర్లు సామ్టర్, బీర్స్ మళ్లీ రాశాకే అందరి కళ్లూ పడ్డాయి, ఈ జబ్బుకు పేరు కూడా సామ్టర్‌దే నిలిచిపోయింది.

ఆస్పిరిన్ ఎందుకు పడదన్నది తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. ఆస్పిరిన్ శరీరంలో ప్రోస్టాగ్లాండిన్ల (నొప్పి, వాపుల్లో పాత్ర ఉన్న రసాయనాలు) తయారీని ఆపేస్తుందని 1971లో బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ వేన్ చూపించాడు. ఆ తయారీకి కావాల్సిన ఎంజైమును అడ్డుకునే నొప్పి మాత్రలే ఈ రోగుల్లో ఆయాసం తెప్పిస్తున్నాయని 1975లో పోలండ్ డాక్టర్ షెక్లిక్ బృందం తేల్చింది. ఆ ఒక దారి మూస్తే ముడిసరుకంతా రెండో దారిన పడి ల్యూకోట్రైన్లు అనే వేరే రసాయనాలుగా మారుతుంది, అవి ఊపిరి గొట్టాలను బిగిస్తాయి, ముక్కు లోపలి పొరను వాచేలా చేస్తాయి.

అక్కణ్ణుంచి చూపు జీన్ల మీదికి మళ్లింది. 1997లో షెక్లిక్ వాళ్లే ల్యూకోట్రైన్ తయారీ జీన్‌లో ఒక తేడా పట్టుకున్నారు, కానీ వేరే దేశాల్లో వెతికితే అది ప్రతిచోటా దొరకలేదు. నాకు బాగా నచ్చిన ముక్క 2019 నాటిది. ఐస్‌ల్యాండ్, బ్రిటన్ జనాల డీఎన్‌ఏ జల్లెడ పడితే, ఏఎల్ఓఎక్స్15 అనే జీన్ సరిగా పనిచేయని వాళ్లకు ముక్కులో కండ వచ్చే ముప్పు మిగతావాళ్లతో పోలిస్తే మూడో వంతే ఉందని తేలింది. చెడిపోయిన జీనే కాపాడుతోందన్నమాట! ఉబ్బసంలో ఎప్పట్నుంచో పేరు వినబడే టీఎస్ఎల్‌పీ అనే జీన్ ఉన్న ప్రాంతం కూడా ఆ జాబితాలో కనిపించింది. అంటే ముక్కుకీ ఊపిరితిత్తులకీ కొంతవరకు ఒకటే వేరు. అందుకే కత్తిరించినా మళ్లీ మొలుస్తుంది, పోయేది కండేగానీ లోపలి వాపు కాదు.

అయితే ఇవి ఐరోపా జనాల లెక్కలు. పైగా ఒక్క జీన్ పనీ కాదు, చిన్న చిన్న తేడాలు చాలా కలవాలి, ఆపైన దుమ్మూ జలుబులూ తోడవ్వాలి. తమ్ముడికి వచ్చి తీరుతుందని చెప్పగల రక్తపరీక్ష ఏదీ లేదు.

పిన్నికి ఇదంతా చెప్తే, "సరే, ఇప్పుడేం చేయమంటావ్?" అంది. ముందు డాక్టర్‌కి చూపించు, ఈలోగా మొన్న పంటినొప్పికి వాడు మెడికల్ షాపులో ఏ మాత్ర కొనుక్కున్నాడో, వేసుకున్నాక ఆయాసమేమైనా వచ్చిందో అడుగు పిన్నీ అన్నాను.