పిల్లాడు స్టేషన్‌కి వస్తే ఏం జరుగుతుంది: అపోహలు - వాస్తవాలు

నేను ఏఎస్ఐని. మా స్టేషన్‌లో బాలల సంక్షేమ పోలీసు అధికారి బాధ్యత కూడా నాదే. ఏఎస్ఐ హోదాకు తగ్గని ఒకరిని ప్రతి స్టేషన్‌లోనూ ఈ పనికి పెట్టాలని 2015 నాటి బాల న్యాయ చట్టం చెబుతోంది. ఈ పనిలో నేను రోజూ వినే మాటల గురించే రాస్తున్నాను.

అపోహ: "ఒక్క రాత్రి సెల్లో వేస్తే వాడే దారికొస్తాడు."

ఈ మాట ఎక్కువగా తల్లులే అంటారు. "మేడం, మీకు దండం పెడతాను, వీణ్ణి ఒక్క రాత్రి లోపలేయండి" అంటూ ఒకావిడ తొమ్మిదో తరగతి కొడుకుని రెక్క పట్టుకుని తీసుకొచ్చింది. వాడు ఏ నేరమూ చేయలేదు. హాఫ్ ఇయర్లీ పరీక్షల తర్వాత బడి మానేసి, బస్టాండ్ దగ్గర తనకంటే పెద్దవాళ్లతో తిరుగుతున్నాడు. హవాయి చెప్పు పట్టీ తెగితే పిన్నీసు గుచ్చుకుని వచ్చాడు. నా వైపు చూడడం లేదు, లాకప్ తలుపు వైపే చూస్తున్నాడు.

వాస్తవం: 18 ఏళ్లు నిండని వాళ్లు ఎంత పెద్ద తప్పు చేసినా లాకప్‌లో పెట్టకూడదు. బేడీలు వేయకూడదు, నేరం ఒప్పుకోమని ఒత్తిడి చేయకూడదు, ఏ స్టేట్‌మెంట్ మీదా సంతకం పెట్టించకూడదు. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోపు పిల్లల కేసులు చూసే జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. పిల్లలతో మాట్లాడేటప్పుడు యూనిఫాం కూడా వేసుకోకూడదు. అందుకే నా అల్మారాలో ఎప్పుడూ ఒక చుడీదార్ ఉంటుంది.

చట్టం సంగతి అలా ఉంచినా, భయపెడితే ఏమవుతుందో నేను కళ్లారా చూశాను. "లోపలికెళ్లొచ్చాడు" అన్న పేరు వస్తే బస్టాండ్ గుంపులో వాడికి విలువ పెరుగుతుంది. ఆ రోజు నేను అడిగింది ఒక్కటే: "ఏం తిన్నావు నాన్నా?" పొద్దుట్నుంచి ఏమీ తినలేదట. ఇడ్లీ తెప్పించాను. సగం తిన్నాక అసలు విషయం బయటపడింది. లెక్కల్లో వచ్చిన తొమ్మిది మార్కులు క్లాసులో అందరి ముందూ చదివారట. మర్నాడు హెడ్మాస్టరుతో మాట్లాడి బడికి పంపాను. తర్వాత కూడా రెండుసార్లు ఎగ్గొట్టాడు. రెండుసార్లూ మామూలు బట్టల్లో వాళ్లింటికి వెళ్లాను. ఇప్పుడు బడికి వెళ్తున్నాడు.

అపోహ: "మైనరైతే ఏం చేసినా వదిలేస్తారు."

వాస్తవం: బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరు తప్పనిసరిగా మహిళ. కౌన్సెలింగ్, సమాజ సేవ, ప్రొబేషన్ (మంచి నడవడిక షరతుపై పర్యవేక్షణలో వదలడం), అవసరమైతే మూడేళ్ల దాకా స్పెషల్ హోమ్ (ఇలాంటి పిల్లల్ని ఉంచి సంస్కరించే గృహం): వీటిలో ఏది విధించాలో వాళ్లే నిర్ణయిస్తారు. 16 నిండిన పిల్లలు కనీసం ఏడేళ్ల శిక్ష పడే ఘోర నేరం చేశారని ఆరోపణ వస్తే, పెద్దవాళ్లలాగే విచారించడానికి కేసును పిల్లల కోర్టుకు పంపే అధికారం కూడా బోర్డుకు ఉంది.

అపోహ: "కేసు పడింది, ఇక ఉద్యోగం రాదు."

వాస్తవం: ఘోర నేరమైతేనో, పెద్దవాళ్లతో కలిసి చేసిందైతేనో తప్ప సాధారణంగా ఎఫ్ఐఆర్ ఉండదు. స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే జనరల్ డైరీలో నమోదు చేసి, కుటుంబ పరిస్థితులతో నివేదిక తయారు చేసి బోర్డుకు పంపుతాం. పిల్లల కోర్టులో దోషిగా తేలిన 16 దాటినవాళ్ల సంగతి వేరు. మిగతావాళ్లకు ఆ కేసు ఉద్యోగానికి అనర్హత కాదు, అప్పీలు గడువు ముగిశాక రికార్డు కూడా తీసేయాలి.

పిల్లాడి భవిష్యత్తును నిజంగా పాడుచేసేది వాట్సాప్. "బైకు దొంగ దొరికాడు" అని ఫోటో తిప్పేవాళ్లకు నేను గట్టిగా చెబుతున్నాను: అలాంటి పిల్లల పేరు, ఫోటో బయటపెడితే ఆరు నెలల దాకా జైలు లేదా 2 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

అపోహ: "పిల్లాడు దొరికాడు, కేసు అయిపోయింది."

వాస్తవం: నాకు అసలు పని అప్పుడే మొదలవుతుంది. కొట్టేసిన ఫోను ఎవరు కొన్నారు? గంజాయి పొట్లం ఎవరు చేతికిచ్చారు? పిల్లల్ని నేరాలకు వాడుకునే పెద్దవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన జైలు శిక్ష, 5 లక్షల జరిమానా ఉన్నాయి. ఆ పేరు పిల్లాడి నోటి నుంచి రావాలంటే ముందు వాడు మమ్మల్ని నమ్మాలి. కొడితే నమ్మడు.

మీ పిల్లాడి గురించి టెన్షన్ ఉంటే కేసు దాకా ఆగకండి. ఏ వేళైనా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. స్టేషన్‌కే వస్తే బాలల సంక్షేమ పోలీసు అధికారి ఎవరని అడగండి. వచ్చే ముందు పిల్లాడికి కాస్త అన్నం పెట్టి తీసుకురండి.