సముద్రం తగ్గిన ఏడాది

2010 ఆరంభం నుంచి 2011 మధ్య వరకు ప్రపంచ సముద్రాల సగటు మట్టం సుమారు 5 మిల్లీమీటర్లు పడిపోయింది. అంతకు ముందు దాదాపు రెండు దశాబ్దాలుగా ఏటా 3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతూ వచ్చిన మట్టం అది. ఆ నీరంతా ఎటు పోయినట్టు?

తగ్గుదలను పట్టుకున్నవి జేసన్ ఉపగ్రహాలు. 1,336 కిలోమీటర్ల ఎత్తు నుంచి అవి పంపే రాడార్ తరంగం సముద్రాన్ని తాకి తిరిగి రావడానికి సెకనులో నూరో వంతు కూడా పట్టదు. ఆ వ్యవధిని బట్టి నీటిమట్టాన్ని లెక్కగడతారు. ఇక్కడ అసలు కష్టం సముద్రంతో కాదు, ఉపగ్రహంతోనే: అది ఎంత ఎత్తులో ఉందో చెప్పడంలో సెంటీమీటరు పొరబడితే సముద్రమూ అంతే పొరబడుతుంది. మన శ్రీహరికోట నుంచి 2013 ఫిబ్రవరిలో నింగికెగిసిన భారత్–ఫ్రాన్స్ ఉపగ్రహం సరళ్ కూడా ఈ కోవలోదే.

అయితే ఎత్తు కొలిచినంత మాత్రాన కారణం తెలియదు. నీరు చల్లబడి కుంచించుకుపోయినా మట్టం తగ్గుతుంది, నీరే తరలిపోయినా తగ్గుతుంది. ఏది జరిగిందో తేల్చాలంటే సముద్రాన్ని తూచాలి. ఆ పని 2002లో ప్రయోగించిన గ్రేస్ జంట ఉపగ్రహాలు చేశాయి. 2017 దాకా సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో ఒకదాని వెనుక ఒకటి సాగిన ఈ జంట కింద ఉన్న నేలను చూడనే లేదు, ఒకదానినొకటి మాత్రమే గమనిస్తూ ఉండేది. దారిలో నీరో మంచో ఎక్కువగా పోగుపడిన చోటు ఎదురైతే, దాని ఆకర్షణకు ముందున్నది కాస్త వేగం పుంజుకుని ఎడం పెరుగుతుంది. దాన్ని దాటాక అదే బరువు ముందుదాన్ని వెనక్కి, వెనుకదాన్ని ముందుకు లాగడంతో ఎడం తగ్గుతుంది. ఈ హెచ్చుతగ్గులు తలవెంట్రుక మందంలో ఎన్నో వంతో అయినా, నెల రోజుల కొలతలను కూర్చితే భూమి మీద నీటి బరువు ఎక్కడ పెరిగిందో, ఎక్కడ తరిగిందో పటం గీయవచ్చు.

ఆ పటం చెప్పిన జవాబు: లా నినా, అంటే పసిఫిక్ మహాసముద్రంలో భూమధ్యరేఖ దగ్గరి నీరు మామూలు కంటే చల్లబడే దశ, తెచ్చిన వర్షాలు. సముద్రం నుంచి లేచిన నీరు ఆస్ట్రేలియాలోనూ, దక్షిణ అమెరికా ఉత్తర భాగంలోనూ నేల మీద కురిసింది. ఆస్ట్రేలియా నడిబొడ్డున ఉన్న ఐర్ సరస్సు పరీవాహకానికి కడలి చేరే దారే లేదు గనుక అక్కడి నీరు వెంటనే వెనక్కి రాలేకపోయింది. ఆ 5 మిల్లీమీటర్లూ నీరేననుకుంటే 63 వేల టీఎంసీలు పైమాటే, అంటే నిండిన నాగార్జునసాగర్లు రెండు వందలు. తర్వాత సముద్రం మళ్లీ పెరుగుదల బాట పట్టింది.

గ్రేస్ మన దేశాన్నీ తూచింది. పంజాబ్, హర్యానా, రాజస్థాన్ ప్రాంతంలో 2002 ఆగస్టు నుంచి 2008 అక్టోబరు దాకా 109 ఘన కిలోమీటర్ల భూగర్భజలం తరిగిపోయిందని తేలింది. తోడిన నీరు ఆవిరై, వానై, చివరికి చేరేది చాలావరకు సముద్రానికే. అక్కడ పరిస్తే అది మిల్లీమీటరులో మూడో వంతుకు కాస్త తక్కువ. ఇంతా చేసి, ఇలాంటి త్రాసు వందల కిలోమీటర్ల మేర ప్రాంతాన్ని మొత్తంగా తూచగలదే తప్ప, ఏ ఊళ్లో ఏ బోరు ఎండిందో చెప్పలేదు; దానికి ఇప్పటికీ బావిలోకి టేపు దించాల్సిందే.